హిందూపురం ఎండ, దీవుల మిరప

కేంద్ర సుగంధ ద్రవ్యాల బోర్డు మన దేశంలో పండే మిరప రకాలకు ఒక జాబితా తయారు చేసింది. గుంటూరు సన్నం, బ్యాడిగి, వరంగల్ చపాటా, జ్వాల లాంటి పేరుమోసిన రకాల నడుమ అందులో ‘హిందూపూర్ ఎస్-7’ అనే పేరు కనిపిస్తుంది. ఎర్రగా ఉంటుంది, ఘాటు బాగా ఎక్కువ, డిసెంబరు నుంచి మార్చి దాకా కోత అని వివరం. పక్కన రెండు అంకెలు. రంగు విలువ 33.75. క్యాప్సైసిన్ 0.24 శాతం.

క్యాప్సైసిన్ అంటే మిరపకాయకు కారాన్నిచ్చే పదార్థం. 0.24 శాతం అంటే కిలో ఎండుమిర్చిలో అది రెండున్నర గ్రాములకు కాస్త తక్కువే. అమెరికాలో విల్బర్ స్కోవిల్ అనే ఔషధ శాస్త్రవేత్త 1912లో కారాన్ని కొలిచే పద్ధతి ఒకటి తెచ్చాడు. మిరప సారాన్ని చక్కెర నీళ్లతో పలుచన చేసుకుంటూ పోవాలి. రుచి చూసేవాళ్లకు మంట తెలియకుండా పోవడానికి ఎన్ని రెట్లు పలుచన చేయాల్సి వచ్చిందో అదే దాని కారం. ఇప్పుడు నాలుకల పని యంత్రాలు చేస్తున్నాయి గానీ లెక్క మాత్రం ఆయన పేరుతోనే నడుస్తోంది. పది లక్షల పాళ్లలో ఒక పాలు క్యాప్సైసిన్ ఉంటే సుమారు 16 స్కోవిల్ యూనిట్లు. ఆ లెక్కన హిందూపురం మిర్చి కారం 38 వేల దగ్గర తేలుతుంది. బ్యాడిగిది దీనికి పూర్తిగా తిరగేసిన జాతకం. దాని రంగు విలువ 150కి పైమాట, కారం మాత్రం దాదాపు లేనట్టే. కర్ణాటక సరిహద్దు కూతవేటు దూరంలోనే ఉండటంతో హిందూపురం మార్కెట్ యార్డుకు ఇటు పల్లెల నుంచీ, అటు పల్లెల నుంచీ మిర్చి వస్తుంది. వేలంలో ఒక లాటును రంగు కోసం కొంటారు, ఇంకో లాటును ఘాటు కోసం కొంటారు.

ఈ కారం తాత ముత్తాతల నాటిదే గానీ అంతకు ముందుది కాదు. అన్నమయ్య కాలంలో తెలుగువాళ్ల వంటింట్లో మిరపకాయ లేదు. కారమంటే మిరియాలదే. మిరప మొక్క అసలు పుట్టిల్లు అమెరికా ఖండాలు. 1493 జనవరి 15న కొలంబస్ తన దినచర్య పుస్తకంలో హిస్పానియోలా దీవి గురించి రాస్తూ, అక్కడి జనం తినే ‘అహి’ అనే కారపు కాయ మన మిరియాల కంటే విలువైనదని, అది లేకుండా అక్కడ ఎవరూ భోజనం చేయరని నమోదు చేశాడు. ఆ కాయే మిరప. ఆ జనం టైనో తెగవాళ్లు. ఆ దీవిని ఇవాళ హైతీ, డొమినికన్ రిపబ్లిక్ అనే రెండు దేశాలు పంచుకుంటున్నాయి. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు ఓడలు మిరపను గోవా తీరానికి చేర్చాయి. 1565లో తళ్లికోట యుద్ధంలో విజయనగరం ఓడిపోయి, తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు తరలించే నాటికి మిరప ఈ దేశపు గడప తొక్కేసింది. రాజ్యం ఆ కొండ మీద నిలవలేదు. మిరప మాత్రం ఆ కొండ కింద పొలాల్లో ఈనాటికీ పండుతోంది.

చిత్రమైన విషయం ఏమిటంటే, మిరపను ప్రపంచానికి మొదట చూపించిన కరీబియన్ దీవులు ఇవాళ తమ అవసరానికి, తమ ఎగుమతులకు సరిపడా మిరపను నిలకడగా అందించడానికి కిందా మీదా పడుతున్నాయి. వాన మొహం చూడని మన సీమ మాత్రం ఏడాది పొడవునా మిర్చి అమ్ముతోంది. అక్కడ వానలకు కొరత లేదు, ఎండకు కొరత లేదు, చలి లేదు. మొక్క అక్కడిదే. మరి ఎందుకిలా? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే తేమ దగ్గర తేలుతాం.

మొక్క కోణం నుంచే మొదలుపెడదాం. కారం గింజల్లో ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో తయారవుతుంది. గింజలకు అక్కడి నుంచే అంటుకుంటుంది. మన నాలుక మీదా చర్మం మీదా వేడిని పసిగట్టే ఒక గ్రాహకం ఉంది. దాదాపు 43 డిగ్రీల వేడి దాటితే అది మెదడుకు ‘కాలుతోంది’ అని కబురు పంపుతుంది. క్యాప్సైసిన్ వచ్చి తగిలినా అది అదే కబురు పంపుతుంది. డేవిడ్ జూలియస్ బృందం 1997లో ఈ గ్రాహకాన్ని గుర్తించింది. 2021లో ఆయనకు వచ్చిన నోబెల్ బహుమతికి మూలం ఇదే. పక్షుల్లోని గ్రాహకం క్యాప్సైసిన్‌కు స్పందించదు. అందుకే అవి పండు మిరపకాయలు హాయిగా తిని, గింజల్ని చెక్కుచెదరకుండా దూరంగా విసర్జిస్తాయి. ఎలుకల్లాంటి జంతువులు గింజల్ని నమిలి పాడుచేస్తాయి గనుక వాటిని కారం తరిమేస్తుంది.

ఇంతవరకూ పాఠ్యపుస్తకాల్లోనే దొరుకుతుంది. మనకు ఎక్కువ పనికొచ్చే సంగతి బొలీవియా అడవుల్లో తేలింది. జాషువా ట్యూక్స్‌బరీ, ఆయన సహచరులు అక్కడ ఒకే జాతి అడవి మిరపలో కారం ఉన్న మొక్కలూ, కారమే లేని మొక్కలూ పక్కపక్కనే పెరగడం చూశారు. తేమ ఎక్కువగా ఉన్న చోట్ల పురుగులు కాయకు బెజ్జాలు పెడతాయి, ఆ బెజ్జాల గుండా ఫ్యుజేరియం అనే బూజు లోపలికి దిగి గింజల్ని చంపుతుంది. అలాంటి చోట్ల కారం ఉన్న మొక్కలే ఎక్కువ. క్యాప్సైసిన్ ఆ బూజును అడ్డుకుంటోందని 2008లో వాళ్లు తేల్చారు. కొన్నేళ్లకు అదే పరిశోధనకు కొనసాగింపుగా ఇంకో సంగతి బయటపడింది. నీటి ఎద్దడి ఉన్న చోట కారం ఉన్న మొక్కలకు గింజలు బాగా తగ్గిపోతున్నాయి, కారం లేని మొక్కలకు అంత నష్టం లేదు. అంటే కారాన్ని మొక్క ఉత్తినే తయారు చేసుకోదు, దానికి మూల్యం చెల్లిస్తుంది. తేమలో బూజు నుంచి రక్షణ కోసం ఆ మూల్యం చెల్లించడం గిట్టుబాటే. పొడి నేలలో కాదు.

మిరపకాయకు తేమా బూజూ పుట్టుకతో వచ్చిన శత్రువులు. చెట్టు మీద ఉన్నంత కాలం ఆ యుద్ధం చెట్టు చేస్తుంది. కోసిన మరుక్షణం నుంచి మనిషి చేయాలి. ఆ యుద్ధంలో హిందూపురం చేతిలో ఉన్న ఆయుధం దీవుల చేతిలో లేదు.

పండిన మిరపకాయలో బరువులో మూడొంతులు నీళ్లే. వంద కిలోల పండుకాయ ఎండితే పాతిక, ముప్ఫై కిలోల ఎండుమిర్చి చేతికొస్తుంది. నిల్వకు పెట్టాలంటే కాయలో తేమ 10, 11 శాతానికి దిగాలి. అయితే కాయ ఎంతవరకు ఎండుతుందన్నది ఎండ ఒక్కటే తేల్చదు, గాలిలోని తేమ తేలుస్తుంది. ఎండిన కాయకు గాలి నుంచి తేమ పీల్చుకునే గుణం ఉంది. గాలిలో తేమ 75, 80 శాతం ఉండే సముద్రపు దీవిలో ఎంత ఎండలో పరిచినా కాయ ఒక దశ దగ్గర ఆగిపోతుంది. రాత్రికి మళ్లీ మెత్తబడుతుంది. సముద్ర మట్టానికి ఆరువందల మీటర్ల పైచిలుకు ఎత్తున్న హిందూపురంలోనూ, అలాగే వాననీడలో ఉన్న పెనుకొండ, ధర్మవరం పరిసరాల్లోనూ ఫిబ్రవరి, మార్చి మధ్యాహ్నాల గాలి కాయలోని నీటిని చివరి చుక్క దాకా పిండేస్తుంది. పాత అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. జమైకాలో ఇది సుమారు నాలుగు రెట్లు. కరువు సీమ అని మనం తలపట్టుకునే ఈ పొడితనమే మిర్చి వ్యాపారానికి పెట్టుబడి అని నేను గట్టిగా నమ్ముతాను.

మరి ఎండబెట్టుకోలేని దీవులు ఏం చేస్తాయి? రెండు దారులున్నాయి. ఒకటి, పచ్చికాయను పచ్చిగానే విమానంలో పంపడం. రెండోది, దంచి ఉప్పూ వెనిగరూ కలిపి సాస్ చేయడం. కరీబియన్ దీవుల మిరప సరఫరా అంతా దాదాపు ఈ రెండు దారుల్లోనే నడుస్తోంది. బార్బడోస్‌లో ఆవపిండి కలిపి పసుపు రంగు సాస్ చేస్తారు. ట్రినిడాడ్‌లో కొత్తిమీర వాసనొచ్చే ఒక ఆకు కలుపుతారు. జమైకాది స్కాచ్ బానెట్ అనే బొద్దుగా, టోపీలా ఉండే కాయ. కారం లక్ష నుంచి మూడున్నర లక్షల స్కోవిల్ యూనిట్లు. ట్రినిడాడ్‌కు చెందిన మొరూగా స్కార్పియన్ కారం సగటున 12 లక్షలని 2012లో న్యూ మెక్సికో స్టేట్ యూనివర్సిటీ కొలిచింది. మన ఎస్-7కు అది ముప్ఫై రెట్ల పైమాట. తేమ నేలలో పెరిగే మిరపకు అంత కారం ఉండటం వెనుక బూజుతో సాగిన ఆ పాత పోరాటం కూడా ఉండి ఉండొచ్చు. కానీ అంత ఘాటున్న కాయ కూడా పచ్చిగా ఉంటే నిలవదు. 7 నుంచి 10 డిగ్రీల చల్లదనంలో పెడితే రెండు మూడు వారాలు. అంతకంటే చల్లగా పెడితే కాయ మీద గుంటలు పడి, లోపల గింజ నల్లబడుతుంది.

పచ్చికాయ మీద ఆధారపడిన సరఫరా ఎంత సున్నితమో చెప్పడానికి జమైకా ఒక్కటి చాలు. 1990ల చివర్లో అక్కడి నుంచి అమెరికాకు వెళ్లిన మిరపకాయల్లో గాల్ మిడ్జ్ అనే, దోమ కంటే చిన్న ఈగ పిల్లపురుగులు కనిపించాయి. దాంతో 1998లో ప్రతి పెట్టెకూ ముందే విషవాయువు పొగ పెట్టాలని అమెరికా షరతు విధించింది. పొగ పెడితే ఖర్చు పెరుగుతుంది, కాయ నిల్వ ఉండే రోజులు తగ్గుతాయి. ఆ దెబ్బకు జమైకా మిరప ఎగుమతి కుంగిపోయింది. దానికి తోడు ఆకుల్ని ముడిచేసే వైరస్‌లు. కాయ దొరక్క, స్కాచ్ బానెట్ పేరు మీద బతికే సాస్ కంపెనీలు దంచిన మిరప ముద్దను మధ్య అమెరికా నుంచి దిగుమతి చేసుకోవాల్సి వచ్చింది.

హిస్పానియోలా కథ ఇంకా ఆలోచింపజేస్తుంది. కొలంబస్ ‘అహి’ని చూసిన దీవిలోనే డొమినికన్ రిపబ్లిక్ కొండ ప్రాంతాల్లో పెద్ద పెద్ద గ్రీన్‌హౌస్‌లు కట్టి, క్యాప్సికం పండించి అమెరికాకు పంపడం మొదలుపెట్టింది. 2015లో ఆ దేశపు తూర్పు కొసన, పర్యాటకులు దిగే పుంటా కానా దగ్గర మధ్యధరా పండుఈగ ఉన్నట్టు బయటపడింది. అదే ఏడాది మార్చిలో అమెరికా మిరప, టమోటా సహా 18 రకాల పళ్లూ కూరగాయల దిగుమతిని నిలిపేసింది. ఈగ కనిపించింది సముద్రపు ఒడ్డున. పంట ఉన్నది ఎక్కడో కొండల మీద, వలలు కట్టిన గ్రీన్‌హౌస్‌ల్లో. అయినా దేశమంతటికీ ఒకటే తలుపు గనుక అది మూతపడింది. ఆ ఈగను పూర్తిగా నిర్మూలించామని ప్రకటించడానికి 2017 వచ్చింది.

పురుగు ఒక ఎత్తు, తుపాను ఇంకో ఎత్తు. 2004 సెప్టెంబరులో ఇవాన్ తుపాను గ్రెనడా దీవిలోని జాజికాయ చెట్లను కూకటివేళ్లతో పెకలించింది. ప్రపంచంలో జాజికాయ ఎగుమతిలో రెండో స్థానంలో ఉండిన దేశం అది. జాజి చెట్టు మళ్లీ కాపుకు రావడానికి ఏడెనిమిదేళ్లు పడుతుంది. మిరపకు ఆ బాధ లేదు. నారు పోస్తే మూడు నాలుగు నెలల్లో కాయ వస్తుంది. అందుకే తుపాను తర్వాత అక్కడి వ్యవసాయ శాఖలు రైతుకు ముందుగా అందించాలని చూసేది ఇలాంటి తక్కువ కాలపు పంటల విత్తనాలే. కరీబియన్ దేశాల ఉమ్మడి వ్యవసాయ పరిశోధన సంస్థ కార్డీ ‘వెస్టిండీస్ రెడ్’, ‘కార్డీ గ్రీన్’ వంటి మిరప రకాలను రూపొందించి పంచుతున్న విత్తనం ఈ అవసరానికీ పనికొస్తుంది. కానీ తుపానులు ఊపిరి తీసుకోనివ్వడం లేదు. 2024 జులైలో బెరిల్, 2025 అక్టోబరులో అంతకంటే భీకరంగా మెలిసా జమైకాను చావబాదాయి. రెండు తుపానుల మధ్య ఏడాదిన్నర కూడా తెరిపి లేకపోతే విత్తనం ఎంత మంచిదైనా ఏం లాభం?

ఐక్యరాజ్యసమితి 1992 రియో సదస్సు నుంచి ఇలాంటి దేశాలను ‘చిన్న ద్వీప వర్ధమాన దేశాలు’గా విడిగా చూస్తోంది. ఇప్పుడు వాటి సంఖ్య 39. వాటిలో సగం దేశాలు తినే తిండిలో 80 శాతానికి పైగా బయటి నుంచే తెచ్చుకుంటాయని ఆహార, వ్యవసాయ సంస్థ లెక్క. ఆ జాబితాలో మన తెలుగువాళ్లున్న దీవి కూడా ఉంది. 1830ల నుంచి కోరంగి రేవు మీదుగా చెరకు తోటల్లో కూలి పనికి మారిషస్ వెళ్లినవాళ్ల వారసులు ఇవాళ అక్కడ ఉగాదిని ప్రభుత్వ సెలవుగా జరుపుకుంటున్నారు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో అక్కడే జరిగాయి. పప్పు రుబ్బి, పచ్చిమిర్చి ముక్కలు కలిపి వేయించే ‘గాతో పిమా’ అక్కడ వీధి వీధినా దొరుకుతుంది. ధర్మవరంలో పొద్దున్నే ఉగ్గాని పక్కన మిరపకాయ బజ్జీ తినేవాళ్లకు దాని రుచి కొత్తగా అనిపించదు. 2024 జనవరిలో బెలాల్ తుపాను పోర్ట్ లూయీ వీధుల్ని వరదలో ముంచింది. తుపాను వచ్చినప్పుడల్లా ఆ దీవిలో కూరగాయల ధర ఎగబాకడం, పచ్చిమిర్చి దొరకకపోవడం మామూలే. అలాంటి రోజుల్లో ఆ వంటింటిని ఆదుకునేది డబ్బాలోని కారప్పొడి. ఎక్కడో పొడి నేలలో ఎండిన కాయ అది.

మనకు దగ్గరి దీవి దేశం మాల్దీవులు. అక్కడివాళ్లు ‘గితేయో మిరుస్’ అని పిలుచుకునే స్థానిక మిరప స్కాచ్ బానెట్‌కు చుట్టం. చేపల కూరలో అది లేనిదే వాళ్లకు ముద్ద దిగదు. ఆ దీవుల నేల పగడపు ఇసుక. కింద మంచినీళ్లు పల్చటి పొరగా, ఉప్పునీటి మీద తేలుతూ ఉంటాయి. మంచినీరు ఉప్పునీటి కంటే కొంచెం తేలిక కావడం వల్ల ఇది సాధ్యమవుతోంది. సముద్ర మట్టం కంటే పైన ఒక అడుగు మంచినీరు ఉంటే, కింద దాదాపు నలభై అడుగుల మంచినీటి పొర ఉంటుందని భూగర్భ జల శాస్త్రం చెబుతుంది. తిరగేసి చూస్తే అందులో ప్రమాదం కనిపిస్తుంది. పైన ఒక అడుగు తోడేస్తే కింద నుంచి ఉప్పునీరు నలభై అడుగులు పైకి వస్తుంది. 2004 డిసెంబరు 26 సునామీకి ఆ పొర చాలా దీవుల్లో ఉప్పుబారింది. మిరప ఉప్పుకు ఓర్చుకునే మొక్క కాదు. నేలలో లవణాల విద్యుత్ వాహకత 1.5 యూనిట్లు దాటితే, ఆపైన ప్రతి యూనిట్‌కూ దిగుబడి సుమారు 14 శాతం చొప్పున పడిపోతుంది.

హిందూపురం రైతు బోరు బాధ వేరు. ఇక్కడ కింద ఉన్నది నల్లరాయి, ఆ రాతి పగుళ్లలో దొరికినన్ని నీళ్లు. బోరు వేసిన ప్రతిసారీ పగులు తగులుతుందన్న నమ్మకం లేదు, తగిలినా వేసవికి నిలుస్తుందన్న నమ్మకం లేదు. 2016లో హంద్రీ–నీవా కాలువ ద్వారా కృష్ణా నీళ్లు పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయానికి చేరడం ఈ ప్రాంతానికి పెద్ద ఊరట. ఆ నీటిని మిరప చేలకు డ్రిప్ ద్వారానే ఇవ్వాలన్నది నా అభిప్రాయం. కాలువ పారించడం మొదలుపెడితే ఈ నేల పొడితనాన్ని మనమే పోగొట్టుకుంటాం. తడి ఎక్కువైన చేలో కొమ్మ ఎండు, కాయకుళ్లు తెగుళ్లు కాచుక్కూర్చుంటాయి.

ఎండబెట్టడం అంటే కాయలు తెచ్చి నేల మీద పోయడం కాదు. తెలిసిన రైతు కోసిన పండుకాయలను ముందు ఒకటి రెండు రోజులు నీడలో కుప్పగా ఉంచుతాడు. పూర్తిగా పండని కాయలకు ఆ సమయంలో రంగు తిరుగుతుంది. తర్వాత కళ్లంలో పల్చగా పరుస్తాడు. పొద్దుగూకగానే మళ్లీ కుప్ప చేసి, మంచు పడకుండా పట్టా కప్పుతాడు. తెల్లారి మంచు ఆరాక మళ్లీ పరుస్తాడు. ఇలా పది, పదిహేను రోజులు సాగుతుంది. యార్డులో చెయ్యి తిరిగిన కొనుగోలుదారు లాటులోంచి ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడిస్తాడు, లోపల గింజ గలగలమనాలి. తర్వాత వేలి చుట్టూ వంచుతాడు. సరిగ్గా ఎండిన కాయ తోలులా వంగుతుంది. పటుక్కున విరిగితే అతిగా ఎండినట్టు. వంగినప్పుడు మెత్తగా చల్లగా తగిలితే తేమ మిగిలినట్టు. తొడిమ దగ్గర చీల్చి లోపలి పొర చూస్తాడు. అక్కడ బూడిద రంగు చాయ కనిపిస్తే ఆ లాటు ధర అక్కడికక్కడే పడిపోతుంది. రంగు పోయిన తెల్లటి తాలు కాయల శాతం ఇంకో లెక్క.

ఆ బూడిద చాయ వెనుక ఆస్పర్‌జిల్లస్ అనే బూజు ఉండొచ్చు. అది అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. కాలేయ క్యాన్సర్‌కు దారితీసే విషం అది. కడిగినా పోదు, మామూలు వంట వేడికి చావదు, పొడి కొట్టించాక కంటికి కనిపించదు. మసాలా దినుసుల్లో అన్ని రకాల అఫ్లాటాక్సిన్లు కలిపి కిలోకు 10 మైక్రోగ్రాములు మించకూడదని ఐరోపా సమాఖ్య నిబంధన. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షలవ వంతు. కళ్లంలో కాయ 11 శాతానికి ఎండితే ఈ బూజుకు బతుకు లేదు. కానీ మన దగ్గర ఒక పాత అలవాటుంది. సంచిలో కుక్కేటప్పుడు కాయ విరగకుండా ఉండాలని, కొన్నిచోట్ల తూకం కలిసొస్తుందని కూడా, ఎండిన కాయల మీద నీళ్లు చిలకరిస్తారు. పదిహేను రోజులు ఎండ చేసిన పనిని అర బిందె నీళ్లు చెడగొడతాయి. సంచి నడుమ ఆ తడి ఆరదు. బూజు అక్కడే మొదలవుతుంది.

రంగుకు శత్రువులు వేరే ఉన్నాయి. మిరప ఎరుపు క్యాప్సాంథిన్, క్యాప్సోరుబిన్ అనే పదార్థాలది. వెలుతురు, గాలిలోని ఆక్సిజన్, వేడి ఈ మూడూ వాటి అణువుల పొడవాటి గొలుసును తెంచేస్తాయి. గొలుసు తెగితే రంగు పోతుంది. ధర్మవరం పట్టుచీరను ఎండలో ఆరేయకూడదని ఇంటింటా తెలుసు. ఎండుమిర్చికీ అదే జాగ్రత్త కావాలి. ఎండిందనగానే ఎండలోంచి తీసేయాలి. అతిగా ఎండబెట్టిన కాయ విరగడమే కాదు, పాలిపోతుంది కూడా. శీతల గిడ్డంగిలో చల్లగా, చీకట్లో ఉంచితే రంగు నెలల తరబడి నిలుస్తుంది.

ఎండిన సరుకుకున్న అసలు బలం ఆ నెలలే. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌లో మిర్చి ధర పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్యపు పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించింది. రైతుకు అప్పుడు కష్టం వచ్చిన మాట నిజం. కానీ ఆ కష్టంలోనూ సరుకు కుళ్లిపోలేదు. గిడ్డంగిలో పెట్టి ఎదురుచూసే దారి ఒకటి మిగిలింది. జమైకా రైతుకు విమానం తప్పిపోతే ఎదురుచూడటానికి వారం కూడా ఉండదు. అదే సమయంలో మన ఎండ అన్ని కష్టాలనూ తీర్చదని ఒప్పుకోవాలి. 2021–22లో ఆగ్నేయాసియా మూలాలున్న నల్లతామర పురుగు రెండు తెలుగు రాష్ట్రాల్లో పూత మీదే మిరపను ఊడ్చేసింది. పురుగుకు దీవి, ఖండం అన్న తేడా లేదు. తేడా ఏమిటంటే, ఒక జిల్లాలో పంట పోతే ఇంకో జిల్లా, ఇంకో రాష్ట్రం సరుకు యార్డుకు వస్తుంది. నిరుటి నిల్వ బయటికొస్తుంది. చిన్న దీవికి రెండో జిల్లా లేదు, నిరుటి నిల్వా లేదు.

ఈ పోలిక చూశాక నాకు ఒక్కటే అనిపిస్తోంది. మిరప మీద మన పరిశోధన, మన రాయితీలు ఎక్కువగా విత్తనం దగ్గర, ఎరువు దగ్గర, పురుగుమందు దగ్గర ఆగిపోతున్నాయి. కోసిన తర్వాతి పదిహేను రోజుల గురించి ఎవరూ గట్టిగా పట్టించుకోవడం లేదు. చాలాచోట్ల కాయ ఇప్పటికీ రోడ్డు అంచున, దుమ్ములో, కుక్కల మధ్య ఎండుతోంది. హిందూపురం చుట్టుపక్కల పల్లెల్లో సిమెంటు కళ్లాలు, ధూళీ మంచూ తగలని పాలిథిన్ సోలార్ డ్రయ్యర్లు కావాలి. యార్డులో వేలానికి ముందే తేమ కొలిచే మీటరు ఉండాలి. అఫ్లాటాక్సిన్ పరీక్ష అక్కడికక్కడే జరగాలి. తేమ తక్కువున్న లాటుకు ఎక్కువ ధర పలకాలి, ఆ మాట వేలంలో అందరికీ వినపడాలి. అప్పుడు నీళ్లు చిలకరించే అలవాటు ఎవరూ చెప్పకుండానే పోతుంది.

ఈ డిసెంబరుకు కోత మొదలుపెట్టే రైతులకు ఒక విన్నపం. కాయను నేల మీద కాకుండా పట్టా మీదే ఎండబెట్టండి. సంచి కుట్టే ముందు నీళ్లు చల్లొద్దు. కాయ విరుగుతుందన్న భయం ఉంటే పొద్దున్నే, గాలిలో ఇంకా కాస్త తేమ ఉండగానే సంచులు నింపండి.